మీ గొర్రె సరిగా మేస్తోందా? ఒక రోజంతా గమనించి లెక్క రాయడం ఎలా

"మా గొర్రె మేత తినడం లేదు, ఏ మందు పొయ్యాలి?" వారానికి రెండు మూడుసార్లు ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఉదయగిరి వైపు నుంచి అడుగుతారు, కావలి నుంచి అడుగుతారు, దర్శి నుంచీ అడుగుతారు. డిగ్రీలో జువాలజీ చదివే పిల్లలు ఇంకో రకంగా అడుగుతారు: "జంతువుల ప్రవర్తన మీద ప్రాజెక్టు చేయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. ముందు ఒక గొర్రెను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడండి. చూసింది అప్పటికప్పుడు కాగితం మీద పెట్టండి.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, మా ఇంట్లోనే జరిగింది. మా మేనమామకు వింజమూరు దగ్గర మంద ఉంది. అందులో ఒక ముసలి గొర్రె చిక్కిపోతూ వచ్చింది. నట్టలే (పొట్టలో పెరిగే పురుగులు) అనుకుని మూడుసార్లు నట్టల మందు పోశారు. ఏమీ మారలేదు. సెలవుల్లో వెళ్లినప్పుడు నేను ఆ గొర్రె వెనకే ఒక రోజు తిరిగాను. అది మిగతా వాటికంటే ఎక్కువసేపే మేస్తోంది. నెమరు వేసేటప్పుడు మాత్రం సగం నలిగిన గడ్డి ముద్ద నోటి పక్క నుంచి జారి కింద పడుతోంది. ఆ ముద్దను ఏరి పశువైద్యుడికి చూపిస్తే, నోరు తెరిపించి చూసి దవడ పన్ను విరిగిందని తేల్చారు. నానబెట్టిన దాణా, సన్నటి శనగ పొట్టు పెట్టడం మొదలుపెట్టాక అది మళ్లీ కండ పట్టింది. అది మేత తింటూనే ఉంది, నమలలేకపోయిందంతే. ఈ తేడా మందు సీసా చెప్పదు, పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

ముందే ఒక హెచ్చరిక

కింద చెప్పే పని బాగానే తిరుగుతున్న గొర్రెల కోసం, మెల్లగా చిక్కిపోతున్న గొర్రెల కోసం. ఈ లక్షణాలు కనిపిస్తే నోట్‌బుక్ పక్కన పెట్టి వెంటనే పశువైద్యుడిని పిలవండి, లేదా పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి:

- ఎడమ డొక్క ఉబ్బి, వేలితో కొడితే డప్పులా మోగుతుంటే
- వరి కోసిన మడిలో రాలిన గింజలు, లేదా బస్తా విప్పి ధాన్యం, తెగమేసి ముడుచుకుని పడుకుంటే
- వాన లేక వాడిపోయిన లేత జొన్న మేసి తూలుతుంటే, ఊపిరికి ఎగపోస్తుంటే (రైతులు నాము అనేది ఇదే)
- మందలో ఉన్నట్టుండి ఒకటి రెండు చచ్చిపోతే

ఉన్నట్టుండి చచ్చిన జీవానికి ముక్కు నుంచి, వెనక నుంచి గడ్డకట్టని రక్తం కారుతుంటే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ కోయొద్దు, తోలు తీయొద్దు. అది దొమ్మ రోగం (ఆంత్రాక్స్) కావచ్చు. మనుషులకూ సోకుతుంది.

కావలసినవి

ఒక చిన్న నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు (వానలో, చెమటలో పెన్ను గీత చెరిగిపోతుంది), సెకన్లు చూపించే గడియారం లేదా ఫోను, గొర్రెలకు గుర్తు పెట్టడానికి రంగు, మేసిన మొక్కల కొమ్మలు దాచడానికి పాత న్యూస్‌పేపర్లు. జేబులో ఒక గుప్పెడు చింతగింజలు వేసుకోండి. లెక్క పెట్టే మిషన్ కొనాల్సిన పని లేదు. పది కొరుకులకు ఒక గింజ ఈ జేబులోంచి ఆ జేబులోకి మారిస్తే చాలు, కళ్లు గొర్రె మీదే ఉంటాయి. తువాలు, నీళ్లు మరచిపోవద్దు. మెట్టలో చెట్టు నీడ దొరికేదాకా చాలా దూరం నడవాలి.

బైనాక్యులర్స్ ఉంటే మంచిదే, లేకపోయినా ఇబ్బంది లేదు. గొర్రె మనల్ని దగ్గరికి రానిస్తుంది.

శరీరం గురించి తెలియాల్సినంత వరకు

గొర్రెకు పైదవడ ముందు భాగంలో పళ్లు ఉండవు, గట్టి చిగుళ్ల పట్టీ ఉంటుంది. కింది దవడ ముందు 8 పళ్లు. వాటితో గడ్డిని ఆ పట్టీకి నొక్కిపెట్టి, తల విదిలించి తుంచుతుంది. లోపల దవడ పళ్లు 24. మొత్తం 32. నమిలే పనంతా ఆ 24 పళ్లదే.

పొట్టలో నాలుగు గదులు. ఇది పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకోవడం కంటే ఆదివారం మాంసం కొట్టు దగ్గర నేర్చుకోవడం తేలిక. బోటి శుభ్రం చేసేటప్పుడు చూడండి. తువాలులా బొడిపెలు బొడిపెలుగా ఉండే పెద్ద ముక్క మొదటి గది, రూమెన్. తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండేది రెండోది. పుస్తకం పేజీల్లా మడతలు మడతలుగా ఉండేది మూడోది. నున్నగా, జిగటగా ఉండేది నాలుగోది, మన జీర్ణాశయం లాంటిది అదే. రూమెన్ దాదాపుగా పొట్ట ఎడమ పక్కనంతా ఆక్రమించి ఉంటుంది. అందుకే కింద చెప్పే తడిమే పని ఎప్పుడూ ఎడమ డొక్క దగ్గరే చేస్తాం.

పాలు తాగే పిల్లలో నాలుగో గదే పెద్దది. పాలు రూమెన్‌లోకి పోకుండా నేరుగా అక్కడికే చేరతాయి. కాబట్టి చిన్న పిల్లల నెమరు లెక్కను పెద్దవాటితో పోల్చొద్దు.

చేసే పద్ధతి

1. ప్రశ్న ఒక్క వాక్యంలో రాసుకోండి. "గొర్రెల ప్రవర్తన" అంటే ప్రశ్న కాదు. "చిక్కిపోయిన గొర్రె మిగతా వాటికంటే తక్కువసేపు మేస్తోందా?" అంటే ప్రశ్న. "ఎండాకాలంలో గడ్డి ఎంత, కొమ్మ రొట్ట ఎంత తింటున్నాయి?" అన్నది ఇంకోటి. విద్యార్థులు ఒకే ప్రాజెక్టులో నాలుగు ప్రశ్నలు పెట్టుకుని ఏదీ పూర్తి చేయలేకపోతున్నారు. ఒక్కటి చాలు.

2. గొర్రెలను ఎంచుకోండి. మొదటిసారికి నాలుగు చాలు. ఎలా ఎంచుతారన్నది ముఖ్యం. మనకు తెలియకుండానే ముందు నడిచే గొర్రెనో, అందంగా ఉన్నదాన్నో ఎంచుకుంటాం. ముందు నడిచేదానికి మంచి మేత ముందు దొరుకుతుంది, దాని లెక్క మందకంతటికీ వర్తించదు. అందుకని దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వచ్చే వాటిలో ప్రతి పదో గొర్రెను పట్టుకోండి. జబ్బు గొర్రె కోసమే చూస్తుంటే, దాని ఈడువే రెండు ఆరోగ్యంగా ఉన్నవి పోలికకు తీసుకోండి. చూడి గొర్రెను, పాలిచ్చే గొర్రెను, పొట్టేలును కలిపి పోల్చొద్దు. వాటి ఆకలి వేరు.

మన నెల్లూరు జాతిలో ఒక వీలుంది. జోడిపి రకం తెల్లగా ఉండి, కళ్ల చుట్టూ, మూతి మీద, కింది దవడ మీద నల్ల మచ్చలుంటాయి. ఆ మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. మొహం బొమ్మ గీసి మచ్చలు దిద్దుకుంటే అదే గుర్తింపు కార్డు. పల్ల రకం తెలుపు, డోర రకం ఒళ్లంతా గోధుమ రంగు. ఈ రెండింటికీ వీపు మీద రంగు పూయాల్సిందే. కొమ్ము దగ్గరో, చెవి మీదో చిన్న చుక్క పెడితే మందలో కనిపించదు.

3. పళ్లు చూసి వయసు రాయండి. ఒకరు గొర్రెను కాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంటే, ఇంకొకరు కింది పెదవి మాత్రమే కిందికి లాగి చూడాలి. అన్నీ సన్నటి పాలపళ్లే ఉంటే ఏడాది లోపుది. మధ్యలో రెండు వెడల్పు పళ్లు వస్తే ఏడాది నుంచి ఏడాదిన్నర. నాలుగైతే రెండేళ్ల దగ్గర. ఆరైతే సుమారు మూడు. ఎనిమిదీ వచ్చాయంటే మూడున్నర నాలుగేళ్లు నిండినట్టు. ఆ తర్వాత పళ్ల మధ్య సందులు, అరుగుదల, ఊడిపోవడం. ఒకటి రెండు నెలల తేడా మేతను బట్టి వస్తుంది కాబట్టి "సుమారు" అని రాయడం తప్పు కాదు.

వేళ్లు లోపలి దవడ పళ్ల మధ్య పెట్టొద్దు. అవి కత్తి అంచుల్లా ఉంటాయి. బుగ్గ మీద బయటి నుంచి వేళ్లతో తడమండి. వరస సమంగా లేకపోయినా, నొక్కినచోట గొర్రె అదిరినా రాసుకోండి.

4. రెండు రోజులు ఏమీ రాయకుండా తిరగండి. ఈ మాట ఎవరికీ నచ్చదు. కొత్త మనిషి వస్తే గొర్రెలు తల ఎత్తి చూస్తూనే ఉంటాయి, ఆ లెక్క పనికిరాదు. తెల్ల చొక్కా, ఎర్ర చొక్కా మార్చి మార్చి వేసుకోవద్దు, ఒకే రకం బట్టలు వేసుకోండి. కుక్కను తీసుకెళ్లొద్దు. ఆ రెండు రోజుల్లో కాపరితో మాట్లాడండి. నేను మొదటిసారి కూర్చున్నప్పుడు అక్కడి పెద్దాయన "ఏంది అబ్బయ్యా, పొద్దున్నుంచి గొర్రె మొహమే చూస్తా ఉండావు?" అని అడిగాడు. సాయంత్రానికి ఆయనే ఏ మొక్క ఏ నెలలో తింటాయో, ఏది ముట్టవో వరసపెట్టి చెప్పాడు. ఆ జ్ఞానం ముందు నా నోట్‌బుక్ చిన్నది. ఆయన చెప్పిన పేరు ఆయన చెప్పినట్టే రాసుకోండి, కొమ్మ తెంపి పేపర్లో దాచండి, శాస్త్రీయ నామం తర్వాత వెతుక్కోవచ్చు.

5. పనులకు గుర్తులు పెట్టుకోండి.

- మే: తల కిందికి దించి గడ్డి తుంచుతోంది
- కొ: తల పైకెత్తి కొమ్మ, రొట్ట, కాయ తింటోంది
- నె: నెమరు వేస్తోంది (నిలబడినా, పడుకున్నా)
- న: తినకుండా నడుస్తోంది
- వి: ఊరికే నిలబడింది లేదా పడుకుంది
- నీ: నీళ్లు తాగుతోంది
- ఇ: ఇంకేదైనా

ఒక క్షణానికి ఒక్క గుర్తే. నడుస్తూ మేస్తుంటే "మే". ఇలాంటి నియమాలు మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి, లేకపోతే మధ్యాహ్నానికి మీ నియమం మీకే మారిపోతుంది.

6. పది నిమిషాలకొకసారి చూసి రాయండి. మంద దొడ్డి దాటినప్పటి నుంచి మళ్లీ చేరేదాకా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, శబ్దం కాదు, వైబ్రేషన్. అలారం వచ్చిన క్షణంలో ఒకటో గొర్రె ఏం చేస్తోందో చూడండి, రాయండి. తర్వాత రెండోది, మూడోది, నాలుగోది. ఎప్పుడూ అదే వరసలో. "ఇంతకుముందు దాకా మేస్తూనే ఉంది కదా" అని "మే" రాయొద్దు. ఆ క్షణంలో తల ఎత్తి నిలబడితే "వి" అనే రాయాలి. గొర్రె చెట్టు చాటుకు వెళ్లి కనబడకపోతే గీత పెట్టండి. ఊహించి నింపడం కంటే ఖాళీ మేలు.

ఈ పద్ధతులన్నిటినీ ఒక క్రమంలో పెట్టింది జీన్ ఆల్ట్‌మన్, ఆఫ్రికాలో బబూన్ కోతులను గమనించిన శాస్త్రవేత్త, 1974లో. కంటికి ఆసక్తిగా కనిపించినదే రాసుకుంటూ పోతే లెక్క ఎలా దారి తప్పుతుందో ఆవిడ వివరంగా చూపించారు. పొట్టేళ్లు ఢీకొంటుంటే మన కళ్లు అటే పోతాయి, పక్కన నాలుగు గొర్రెలు నిశ్శబ్దంగా నెమరు వేస్తున్న సంగతి కాగితం మీదికి రాదు.

7. కొరుకులు లెక్కపెట్టండి. ఒక్కో గొర్రెకు పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు, ఒక్కోటి ఒక్క నిమిషం. దగ్గరగా ఉంటే గడ్డి తెగే "పర్ పర్" చప్పుడు వినిపిస్తుంది, చూపు కంటే చెవి నమ్మకం. పొట్టి గరికలో కొరుకులు ఎక్కువ, పొడవు గడ్డిలో తక్కువ ఉంటాయి. పొడవు గడ్డిలో ఒక్కో కొరుకుకు నోటి నిండా వస్తుంది. అందుకే కొరుకులు ఎక్కువైతే మేత ఎక్కువ తిన్నట్టు కాదు. కొరుకుల సంఖ్య పక్కన గడ్డి ఎత్తు కూడా రాయాలి: గిట్ట మునిగేంత, చీలమండ దాకా, మోకాలి దాకా.

8. నెమరు లెక్క. ఎండ ముదిరాక మంద నీడకు చేరుతుంది. మీకు అసలైన పని అప్పుడే. మెడ ఎడమ పక్కన చూడండి, పొట్టలోంచి ముద్ద పైకి ఎగబాకడం చర్మం కింద కనిపిస్తుంది. ముద్ద నోట్లోకి వచ్చినప్పటి నుంచి మింగేదాకా ఎన్నిసార్లు నమిలిందో లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గొర్రె సాధారణంగా ముద్దకు 40 నుంచి 80 సార్లు నములుతుంది. మింగి, కొన్ని సెకన్లు ఆగి, ఇంకో ముద్ద. ఇలా ఐదు ముద్దలకు లెక్క తీసి సగటు వేయండి. పీచు ఎక్కువున్న ఎండు మేత తిన్న రోజు నమలడం పెరుగుతుంది. దాణా ఎక్కువ, పీచు తక్కువ తిన్న రోజు తగ్గుతుంది.

ఒకే పక్క దవడతో నములుతుందా, మధ్యలో ఆగి తల వంచుతుందా, ముద్ద జారుతుందా, ఇవన్నీ పక్కన రాయండి. మా మేనమామ గొర్రె సంగతి తెలిసింది ఇక్కడే.

9. ఎడమ డొక్క తడమండి. మంద దొడ్డికి చేరాక చేయండి. చివరి పక్కటెముక వెనక, తుంటి ఎముక ముందు ఉండే గుంటలో పిడికిలి ఆనించి, రెండు నిమిషాలు కదలకుండా ఉంచండి. లోపల అలలా ఒక ఉబ్బు వచ్చి పిడికిలిని నెట్టి వెళుతుంది. నిమిషానికి ఒకటి రెండు రావాలి. గట్టిగా గుద్ది నొక్కితే తెలియదు, మెత్తగా ఆనించాలి. కడుపు నిండా మేసిన గొర్రెకు గుంట దాదాపు పూడి ఉంటుంది. సాయంత్రం కూడా లోతుగా గుంటపడి ఉంటే ఆ రోజు దానికి మేత అందలేదన్నమాట.

అదే సమయంలో కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. గులాబీ ఎరుపు ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే, దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడితే, అది రక్తం తాగే నట్టల వల్ల కావచ్చు. పెంటికలు విడివిడిగా, నల్లగా, గట్టిగా ఉన్నాయా, ముద్దగా ఉన్నాయా అన్నదీ రాయండి.

10. రాత్రి ఒకసారి. నెమరులో ఎక్కువ భాగం రాత్రి జరుగుతుంది. రోజుకు మొత్తం మీద 8 గంటల దాకా నెమరు వేసే జీవాన్ని పగలు మాత్రమే చూసి "రెండు గంటలే నెమరు వేసింది" అని రాస్తే తప్పు. వీలైతే ఒక రాత్రి, టార్చికి ఎర్ర కాగితం చుట్టి, అరగంటకొకసారి చూడండి. వీలుకాకపోతే శీర్షికలోనే "పగటి లెక్క" అని స్పష్టంగా రాయండి.

లెక్క కట్టడం

ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా అంటే 11 గంటలు. పది నిమిషాలకొకటి చొప్పున 66 గుర్తులు. ఉదాహరణకు ఒక గొర్రెకు "మే", "కొ" కలిపి 39, "నె" 11, మిగతావి 16 వచ్చాయనుకోండి. 39ని 10తో గుణిస్తే 390 నిమిషాలు, అంటే ఆరున్నర గంటలు మేసింది. నెమరు 110 నిమిషాలు. అన్నీ కూడితే 66 రావాలి. రాలేదంటే ఎక్కడో రెండు గుర్తులు పెట్టారు, లేదా ఒకటి వదిలేశారు.

ఎక్కువగా జరిగే తప్పులు

మేస్తూ నమలడాన్ని నెమరుగా రాయడం. ఇది అందరూ చేసే తప్పు, నేనూ చేశాను. తేడా తేలిక: నెమరులో తల నిలకడగా ఉంటుంది, కళ్లు సగం మూసినట్టుంటాయి, మెడలో ముద్ద ఎక్కడం దిగడం కనిపిస్తుంది. ఆ ముద్ద కనిపించేదాకా "నె" రాయొద్దు.

ఒక గొర్రెను 66 సార్లు చూసి, "66 గొర్రెల సమాచారం" అన్నట్టు రాయడం. అది ఒక్క గొర్రె. నాలుగింటిని చూస్తే నాలుగే. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఇది పదే పదే కనిపిస్తుంది.

ఒక్క రోజుతో తేల్చేయడం. వాన పడిన మర్నాడు లేత పచ్చిక మీద ఉన్న మందకూ, మే నెలలో సర్కారు తుమ్మ కాయలు ఏరుకునే మందకూ పోలికే లేదు. అలాగే ఉదయగిరి మెట్టలో తిరిగే మందను, కోతలయ్యాక కోవూరు వైపు వరి మడుల్లో దిగిన మందను ఒకే పట్టికలో కలపొద్దు. కనీసం మూడు రోజులు చూడండి, వాతావరణం, మేసిన చోటు ప్రతి పేజీ పైన రాయండి.

ఇంకొకటి, కాపరి తోలిన దారిని గొర్రె ఇష్టంగా రాయడం. మంద తుమ్మ చెట్ల కిందికి వెళ్లింది కాపరి అటు తోలాడు కాబట్టి. అక్కడ నాలుగు రకాల మేత ఉన్నప్పుడు ఏది ముందు అందుకుంది అన్నదే ఇష్టం.

మీ లెక్క నమ్మదగ్గదేనా? ఇలా చూసుకోండి

ఇద్దరు కలిసి ఒకే గొర్రెను అరగంట చూడండి. నిమిషానికొకసారి, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, మాట్లాడకుండా రాయాలి. తర్వాత పక్కపక్కన పెట్టి పోల్చండి. 30లో 26 కలిస్తే 87 శాతం, బాగుంది. 24 కంటే తక్కువ కలిస్తే మీ గుర్తుల నియమాలు స్పష్టంగా లేవు. ఎక్కడ తేడా వచ్చిందో చూసి, ఆ నియమాన్ని తిరగరాసి, మళ్లీ అరగంట చూడండి. ఒక్కరే ఉంటే ఫోన్‌లో వీడియో తీసి, మూడు రోజుల తర్వాత పాత కాగితం చూడకుండా మళ్లీ రాసి పోల్చుకోవచ్చు.

ఆ కాగితంతో ఏం చేయాలి

మేసే సమయం తగ్గి, నెమరు కూడా తగ్గితే, డొక్కలో అలలు బలహీనంగా ఉంటే, కాగితం తీసుకుని పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. మేసే సమయం సరిపడా ఉండి, ముద్దలు జారుతుంటే పళ్లు చూపించండి. మేసే సమయం పెరిగి, గడ్డి గిట్ట మునిగేంత కూడా లేకపోతే కరువు మేతలో ఉంది, జబ్బుతో కాదు. దానికి వేరుశనగ కట్టె, కంది పొట్టు, అవిశ రొట్ట లాంటివి సాయంత్రం దొడ్డిలో కలిపి పెట్టండి. సుబాబుల్ రొట్ట మాత్రం మేతంతా అదే కాకుండా, మిగతా వాటితో కొంచెమే కలపాలి. మందు పోయాల్సి వస్తే తల ఎత్తిపట్టి పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నోటి పక్క నుంచి, మూతి నేలకు సమాంతరంగా ఉండేలా పట్టుకుని, మింగనిస్తూ కొద్దికొద్దిగా పోయండి.

మేత మారిస్తే ఒక్కసారిగా మార్చొద్దు. పొట్టలోని సూక్ష్మజీవులు కొత్త మేతకు అలవాటు పడడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి రోజు గుప్పెడుతో మొదలుపెట్టి పెంచుతూ వెళ్లి, మూడు వారాలు నిండాక అవే నాలుగు గొర్రెలను, అదే వరసలో, అవే గుర్తులతో మళ్లీ ఒక రోజంతా చూడండి.